అబ్సింత్: పిచ్చెక్కిస్తుందన్న మాటలో నిజమెంత? నిషేధం ఎందుకు పెట్టారు, ఎందుకు తీశారు?

గోదారి_గట్టు:
మా బావమరిది ప్రేగ్ నుంచి ఆకుపచ్చ సీసా ఒకటి పట్టుకొచ్చాడు. అబ్సింత్ అట. 70 శాతం ఆల్కహాల్. లేబుల్ మీద 'తుజోన్ 35 మి.గ్రా.' అని పెద్ద అక్షరాల్లో గొప్పగా అచ్చేశారు. ఇది తాగితే లేనివి కనబడతాయని, చిత్రకారుడు వాన్ గో చెవి కోసుకున్నది దీనివల్లేనని, చెంచాలో పంచదార ముక్క పెట్టి నిప్పంటించి తాగాలని, యూరప్ మొత్తం వందేళ్లు నిషేధించారని ఒకటే ఊదరగొడుతున్నాడు. నాకు తాగే ఉద్దేశం లేదు, బీపీ మాత్రలు వాడుతున్నాను. కానీ నెట్‌లో వెతికితే ఒక్కో చోట ఒక్కో మాట. తెలిసినవాళ్లు చెప్పండి, ఇందులో ఏది నిజం, ఏది కోత?

ల్యాబ్‌కోటు:
ఫార్మాలో అనాలిసిస్ పని చేస్తాను కాబట్టి లెక్కతో మొదలుపెడతా.

అబ్సింత్‌ను వర్మ్‌వుడ్ అనే మొక్క, సోంపు వేసి కాస్తారు. తుజోన్ అనేది ఆ వర్మ్‌వుడ్ నూనెలో ఉండే పదార్థం. యూరోపియన్ యూనియన్‌లో ఈ రకం మద్యానికి గరిష్ఠ పరిమితి కిలోకు 35 మిల్లీగ్రాములు. ఆ గరిష్ఠ పరిమితినే మీ సీసా వాళ్లు బిరుదులా వేసుకున్నారు. సరే, నిజంగా అంతే ఉందనుకుందాం. 30 మి.లీ. పెగ్గులో తుజోన్ సుమారు 1 మిల్లీగ్రాము వస్తుంది. అదే పెగ్గులో ఆల్కహాల్ ఎంత? 70 శాతం అంటే 21 మి.లీ., అంటే 16 గ్రాముల పైమాటే. ఒకటి మిల్లీగ్రాముల్లో, రెండోది గ్రాముల్లో. పదహారు వేల రెట్ల తేడా. తుజోన్ ఏదైనా చేసేంత మోతాదు లోపలికి వెళ్లాలంటే, దానికి చాలా ముందే ఆల్కహాల్ మనిషిని పడేస్తుంది.

లేనివి కనబడటం విషయం. తుజోన్ అణువు ఆకారం గంజాయిలోని టీహెచ్‌సీలా ఉంది, కాబట్టి అలాగే పనిచేస్తుందేమోనని 1975లో ఒక ఊహ వచ్చింది. ఊహ మాత్రమే. 1999లో పరీక్షిస్తే గంజాయి లాంటి ప్రభావం ఏమీ కనబడలేదు. 2000లో అసలు పని తేలింది: మెదడును శాంతపరిచే గాబా రిసెప్టర్లను ఇది అడ్డుకుంటుంది. కాబట్టి పెద్ద మోతాదులో మూర్ఛ వస్తుంది. భ్రమలు కాదు, ఫిట్స్. 1975 ఊహను మాత్రం సీసాలు అమ్ముకునేవాళ్లు ఇంకా వదల్లేదు.

ఉల్లి_పెసరట్టు:
అంటే బావగారు డబ్బు పెట్టి కొన్నది 70 శాతం సారా, దాని మీద ఆకుపచ్చ కథ 😄

ల్యాబన్నా, "పాతకాలంలో తుజోన్ 250, 300 ఉండేది, ఇప్పుడు తగ్గించేశారు, అందుకే ఎక్కట్లేదు" అంటారు కదా. దానికేమంటావ్?

ల్యాబ్‌కోటు:
ఆ పెద్ద అంకెలు పాత వంటకాల్లో ఎంత ఆకు వేశారో చూసి, నూనె అంతా సీసాలోకి దిగుతుందని వేసిన లెక్కలు. బట్టీలో అలా దిగదు. నిషేధానికి ముందు మూత వేసిన 13 సీసాలను తెరిచి పరీక్షించిన ఫలితాలు 2008లో వచ్చాయి. లీటరుకు 0.5 నుంచి 48.3 మి.గ్రా. వరకు, సగటు 25 చిల్లర. అంటే ఆ పాత సరుకులో చాలాభాగం ఇవాళ్టి చట్టం కింద కూడా నేరుగా పాసైపోతుంది. వందేళ్లలో తుజోన్ ఆవిరైపోయిందేమో అన్నవాళ్లూ ఉన్నారు. సీసాలో భద్రంగా ఉంటే అది అలా మాయమయ్యే పదార్థం కాదు.

పాతపేపరు:
చరిత్ర భాగం నేను అందుకుంటా. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

పుట్టిల్లు ప్రేగ్ కాదు. స్విట్జర్లాండ్‌లో నొషాతెల్ ప్రాంతం, వాల్ ద త్రావెర్ లోయ, కువే అనే ఊరు. 18వ శతాబ్దం చివర అక్కడ దీన్ని కడుపునొప్పికి, జ్వరానికి మందుగా అమ్మేవారు. 1797లో దుబియె అనే మేజర్ ఆ వంటకం కొని, అల్లుడు ఆన్రీ లూయి పెర్నోతో కలిసి బట్టీ పెట్టాడు. 1805లో పెర్నో సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని పొంతార్లియేలో సొంత కంపెనీ తెరిచాడు. 1840లలో అల్జీరియాలో యుద్ధం చేస్తున్న ఫ్రెంచి సైనికులకు జ్వరాలు రాకుండా అని దీన్ని ఇచ్చారు. వాళ్లు ఇంటికొచ్చేటప్పుడు ఆ రుచి కూడా వెంట తెచ్చుకున్నారు.

అక్కడి నుంచి అసలు కథ వైన్‌ది. 1860ల నుంచి ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటలను తినేసింది. వైన్ కరువు, ధర మంట. అదే సమయంలో దుంపల నుంచి, ధాన్యం నుంచి తీసిన చవక ఆల్కహాల్‌తో అబ్సింత్ చేయడం మొదలైంది. అంతకుముందు దొరల పానీయం, ఇప్పుడు కూలీ కూడా కొనగలిగే సరుకు. సాయంత్రం ఐదింటికి కాఫీ హోటళ్ల ముందు ఆకుపచ్చ గ్లాసులే. 1910 నాటికి ఫ్రాన్స్‌లో ఏడాదికి 3.6 కోట్ల లీటర్లు తాగేవారు.

మళ్లీ ద్రాక్షతోటలు కోలుకున్నాయి. వైన్ వచ్చింది, కొనేవాడు రాలేదు. అప్పుడు మద్యనిషేధ సంఘాలూ వైన్ రైతులూ ఒకే వేదిక ఎక్కారు. మద్యం వద్దనేవాళ్లతో మద్యం అమ్మేవాళ్లు చేయి కలపడం విచిత్రం అనిపిస్తుంది కానీ, అప్పట్లో ఫ్రాన్స్‌లో వైన్ ఆరోగ్యకరమైన పానీయం కింద లెక్క. అబ్సింత్ మాత్రం విషం. పిచ్చిదని ముద్ర వేసి కుక్కను కొట్టినట్టు కొట్టారు.

ఆ ముద్ర వేసిన డాక్టరు వలాంతాన్ మాన్యాన్. ప్యారిస్‌లో సెంత్ ఆన్ మానసిక ఆసుపత్రిలో పనిచేసేవాడు. గినీ పందులకు ఒక పక్క ఆల్కహాల్, ఇంకో పక్క వర్మ్‌వుడ్ నూనె ఇచ్చి చూశాడు. నూనె ఇచ్చినవాటికి ఫిట్స్ వచ్చాయి. దాంతో మామూలు తాగుడు జబ్బు వేరు, అబ్సింత్ జబ్బు వేరు అన్నాడు. చిక్కంతా ఆ నూనె దగ్గరే ఉంది. ఆయన ఇచ్చింది గ్లాసులోని పానీయం కాదు, చిక్కటి నూనె.

లోసాన్‌లో_రాజు:
పాతపేపరు గారు ఫ్రాన్స్ చెప్పారు కాబట్టి స్విస్ వైపు నేను చెబుతా. ఇక్కడే ఉంటున్నాను.

1905 ఆగస్టు 28న, జెనీవా వైపు ఉండే కొమ్యూన్యి అనే పల్లెలో జాన్ లాంఫ్రే అనే ద్రాక్షతోట కూలీ, గర్భవతి అయిన భార్యను, ఇద్దరు పసి కూతుళ్లను తుపాకీతో కాల్చి చంపాడు. పొద్దున రెండు గ్లాసుల అబ్సింత్ తాగాడని తెలిసింది. అంతే, పేపర్లన్నీ అబ్సింత్ హంతకుడు అని రాశాయి. ఆ రోజు అతను ఇంకేం తాగాడో చూడండి: పుదీనా లిక్కర్, కోన్యాక్, మధ్యాహ్నం భోజనంతో గ్లాసుల మీద గ్లాసులు వైన్, బ్రాందీ కలిపిన కాఫీ, ఇంటికొచ్చాక మళ్లీ వైన్. రోజూ లీటర్ల కొద్దీ వైన్ తాగే మనిషి. మిగతావి ఎవరికీ కనబడలేదు, ఆ రెండు గ్లాసులే కనబడ్డాయి. ఇది జరిగిన వో క్యాంటన్‌లో (మన రాష్ట్రం లాంటిది) కొండ పొడుగునా ద్రాక్షతోటలే అని గుర్తుపెట్టుకోండి.

80 వేలకు పైగా సంతకాలు పోగయ్యాయి. 1906లో ఆ క్యాంటన్ నిషేధించింది. 1908 జులై 5న దేశమంతా ప్రజా ఓటింగ్, 63 శాతం పైగా నిషేధానికే వేశారు. మామూలు చట్టం కూడా కాదు, దేశ రాజ్యాంగంలోనే రాశారు. 1910 అక్టోబరు 7 నుంచి అమలు.

మరి వాల్ ద త్రావెర్ లోయలో తయారీ ఆగిందా? ఆగలేదు. ఆకుపచ్చ రంగు పట్టిస్తుందని రంగు తీసేసి తెల్లగా నీళ్లలా దించడం మొదలుపెట్టారు. దానికి 'లా బ్లూ' అని చాటుపేరు. వంటగదిలో, బేస్‌మెంట్‌లో చిన్న బట్టీలు. వాసన బయటికి పొక్కకుండా పేడకుప్ప కదిలించేవాళ్లమని ముసలివాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. పట్టుబడితే జరిమానా, బట్టీ జప్తు, కొన్నాళ్లకు మళ్లీ బట్టీ. 1983లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరాం నొషాతెల్ వచ్చినప్పుడు విందులో అబ్సింత్ వేసిన ఐస్ సూఫ్లే వడ్డించారు. రాజ్యాంగం నిషేధించిన సరుకును పరాయి దేశాధ్యక్షుడికి పెట్టారని పెద్ద రగడ.

1999లో ఓటేసి ఆమోదించిన కొత్త రాజ్యాంగంలో ఆ నిబంధన లేదు. అయినా ఆహార చట్టం కింద నిషేధం ఇంకొంతకాలం నడిచింది. 2005 మార్చి 1న ఎత్తేశారు. ఇప్పుడు మోతియే ఊళ్లో అబ్సింత్ మ్యూజియం ఉంది. ఆ భవనం ఏదనుకున్నారు? దొంగ బట్టీల వాళ్లను విచారించిన పాత కోర్టు.

ఉల్లి_పెసరట్టు:
కోర్టును మ్యూజియం చేశారా! మన దగ్గర ఎక్సైజ్ స్టేషన్‌ను ఎప్పుడు చేస్తారో.

ఇంకో డౌటు. మా అమ్మ దవనం కొమ్మ వాసన చూసి "ఇది కూడా ఆర్టిమీసియానే" అంది, ఆవిడ బోటనీ టీచరు లెండి. వర్మ్‌వుడ్ కూడా అదేనా?

ల్యాబ్‌కోటు:
అమ్మగారు కరెక్ట్. ఒకే ప్రజాతి, జాతులు వేరు. వర్మ్‌వుడ్ ఆర్టిమీసియా అబ్సింతియం. పూలదండల్లో కట్టే దవనం ఆర్టిమీసియా పాలెన్స్. వినాయక చవితి పత్రిలో మొదట వచ్చే మాచిపత్రి కూడా ఈ కుటుంబందే. మలేరియా మందు ఆర్టిమిసినిన్ ఇచ్చే మొక్క ఇంకోటి, ఆర్టిమీసియా అన్యువా. చుట్టరికం ఉన్నంత మాత్రాన గుణాలు ఒకటి కావు. కాబట్టి దవనం నలిపి సారాలో వేద్దామని ఎవరూ బయల్దేరొద్దు, ముఖ్యంగా నువ్వు.

ఇంకో సంగతి. వెర్మూత్‌లో కూడా సంప్రదాయంగా వర్మ్‌వుడ్ వేస్తారు. దాన్ని ఎవరూ పిచ్చి మందు అనలేదు, నిషేధించలేదు. వైన్‌తో చేసేది కదా మరి.

పెన్నా_ఒడ్డు:
అందరూ రాసింది చదివాను. ఒక్క విషయంలో ఒప్పుకోను. తుజోన్ అమాయకురాలని తేల్చేసరికి అబ్సింతే అమాయకురాలు అన్నట్టు మాట్లాడుతున్నారు. 70 శాతం సరుకు చవగ్గా వాడవాడలా దొరికితే ఇళ్లు ఏమవుతాయో నెల్లూరు జిల్లా వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు అందులో ఏ రసాయనం ఎన్ని మిల్లీగ్రాములుందని చూడలేదు. జీతం డబ్బు ఇంటికి రావట్లేదు, ఒంటి మీద దెబ్బలు మానట్లేదు, అంతే. ఆ స్విస్ సంతకాలు పెట్టినవాళ్లలో అలాంటి ఆడవాళ్లు ఉండరా? వాళ్లందరినీ వైన్ వ్యాపారుల చేతిలో బొమ్మలు అనేస్తే ఎలా?

పాతపేపరు:
పెన్నా గారూ, మీ మాటలో బలం ఉంది. తాగుడు నష్టం కట్టుకథ కాదు. ఆ రోజుల్లో చవక తయారీదారులు కొందరు ఆకుపచ్చ రంగు కోసం రాగి లవణాలు కలిపేవారు కూడా. ఆసుపత్రిలో చేరినవాళ్లు నిజంగానే జబ్బుపడ్డవాళ్లు.

నా అభ్యంతరం ఒకటే, మందు ఏ జబ్బుకు వేశారన్నది. ఫ్రాన్స్ 1915 మార్చి 16న అబ్సింత్ తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. అప్పుడు మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది, సైనికులు బలహీనపడుతున్నారన్నది వాదన. అదే సైన్యం కందకాల్లో ఉన్న జవాన్లకు రోజూ రేషన్‌గా వైన్ పోసింది! యుద్ధం అయ్యాక ఏమైంది? వర్మ్‌వుడ్ లేని సోంపు మద్యం పాస్తీస్ వచ్చింది. 1932లో పాల్ రికార్ మార్సెయ్‌లో తనది మొదలుపెట్టాడు. ఫ్రాన్స్ తాగుడు తగ్గలేదు, గ్లాసులో ఒక ఆకు తగ్గింది.

దూబగుంట వాళ్లు సారానే వద్దన్నారు, సారాలో ఫలానా ఆకు వద్దనలేదు. తేడా అక్కడుంది.

పెన్నా_ఒడ్డు:
ఆ తేడా ఒప్పుకుంటా. కానీ మనకూ చివరికి అదే జరిగింది కదా. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యం పోయింది, 1997కల్లా సీసా తిరిగొచ్చింది. ఖజానాకు డబ్బు కావాలి. తిలా పాపం తలా పిడికెడు. అందుకే ఒక్క వైన్ రైతుల మీదే అంతా తోసేయొద్దంటున్నా.

మోడరేటర్_2:
మన మద్యనిషేధ చరిత్రకు వేరే దారం ఉంది, అది అక్కడ కొనసాగించండి. ఇక్కడ అబ్సింతే. ఇంకో మాట, "ఇది హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది" అన్న పోస్టులు తీసేశాను. మళ్లీ పెట్టొద్దు.

జెర్సీ_నాని:
అమెరికా సంగతి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ 1912లో ఆపేశారు. తర్వాత దేశమంతా మద్యనిషేధం వచ్చింది, 1933లో పోయింది, అబ్సింత్ మాత్రం తిరిగి రాలేదు. న్యూ ఆర్లియన్స్ వాళ్లు దాని బదులు హెర్బ్‌సెయింట్ అనే సోంపు మద్యం చేసుకుని కాక్‌టెయిళ్లు కలుపుకున్నారు.

2007లో మలుపు తిరిగింది. న్యూ ఆర్లియన్స్‌కు చెందిన టెడ్ బ్రో అనే కెమిస్ట్ పాత సీసాలు పరీక్షించి, తుజోన్ భయపడినంత లేదని చూశాడు. ఆయన ఫ్రాన్స్‌లో చేయించిన లూసిడ్ అనే బ్రాండుకు ఆ ఏడాదే అనుమతి వచ్చింది. తమాషా ఏంటంటే చట్టం మార్చలేదు. రూలు 'తుజోన్ ఉండకూడదు' అనే ఉంది, ఇప్పటికీ ఉంది. ప్రభుత్వ పరీక్షలో 10 పీపీఎం (కిలోకు 10 మి.గ్రా.) కంటే తక్కువుంటే లేనట్టే లెక్క. అలా తలుపు తెరుచుకుంది. అదే ఏడాది డిసెంబర్‌లో కాలిఫోర్నియాలో సెయింట్ జార్జ్ వాళ్లు సొంతంగా కాచి అమ్మారు. లేబుల్ మీద భ్రమలు కలిగిస్తుందనే అర్థం వచ్చే బొమ్మలు, మాటలు వేయకూడదని షరతు. గోదారి గారి బావమరిది సీసా ఇక్కడైతే ఆ లేబుల్‌తో దిగదు.

సెక్షన్ల_సుబ్బారావు:
"యూరప్ మొత్తం వందేళ్లు" అన్నదే తప్పు. బెల్జియం, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ నిషేధించాయి. బ్రిటన్ ఎప్పుడూ నిషేధించలేదు, స్పెయిన్‌లో తయారీ నడుస్తూనే ఉంది.

ఫ్రాన్స్ వ్యవహారం మన రెవెన్యూ ఆఫీసుల్ని మించింది. 1988లో తుజోన్ పరిమితులతో యూరప్ ఆదేశం వచ్చింది. దాంతో ఫ్రాన్స్‌లో చేయొచ్చు, కానీ 1915 చట్టం రద్దు కాలేదు. కాబట్టి సీసా మీద 'అబ్సింత్' అని ఒంటిగా రాయకూడదు, 'అబ్సింత్ మొక్కలతో చేసిన మద్యం' అని తిప్పి రాయాలి. స్విస్ వాళ్లు 2005లో తమ సరుకు అసలు పేరుతో అమ్మడం మొదలుపెట్టారు, పక్కనే పొంతార్లియే వాళ్లు మాత్రం పేరు మింగుతూ అమ్ముకోవాలి. 2011లో గానీ ఆ పాత చట్టాన్ని కొట్టేయలేదు.

క్రూయిజ్_బార్‌టెండర్:
ఓడ మీద బార్‌లో చేస్తాను, మాది వైజాగ్. ఆ నిప్పు సంగతి నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు.

పంచదార ముక్కకు నిప్పంటించడం 1990లలో చెక్ బార్లు పుట్టించిన షో. పాత ఫ్రెంచి పద్ధతిలో నిప్పు లేదు. గ్లాసులో కొద్దిగా అబ్సింత్, పైన చిల్లుల చెంచా, దాని మీద పంచదార, దాని మీద ఐసు నీళ్లు చుక్కచుక్కగా. ఒక వంతుకు మూడు నుంచి ఐదు వంతుల నీళ్లు. సోంపు నూనె ఆల్కహాల్‌లో కరుగుతుంది, నీళ్లలో కరగదు. అందుకే నీళ్లు పడేకొద్దీ పానీయం పాలలా తెల్లబడుతుంది. ఆ తెల్లబడటమే అసలు ముచ్చట. చాలా చెక్ సీసాల్లో సోంపు నామమాత్రం, నీళ్లు పోసినా తెల్లబడదు. చూపించడానికి ఏమీ లేదు కాబట్టి మంట పెట్టారన్నది నా అభిప్రాయం.

70 శాతం సరుకు పక్కన మంట ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. మా దగ్గర గెస్టు ఎంత బతిమాలినా చేయం.

రంగు కూడా చూడండి. ఆకుల పసరుతో వచ్చిన పచ్చదనం వెలుతురు తగిలితే ఎండుటాకు రంగులోకి తిరుగుతుంది. ఏళ్ల తరబడి షాపు కిటికీలో ఉన్నా నెమలికంఠంలా మెరుస్తుంటే అది ఫుడ్ కలరే.

గోదారి_గట్టు:
నీళ్లు పోసి చూశాం. తెల్లబడలేదు. బావమరిది మొహం తెల్లబడింది.

వాన్ గో మాట ఎవరూ తేల్చలేదు.

పాతపేపరు:
ఆయన అబ్సింత్ తాగేవాడు, 1887లో అబ్సింత్ గ్లాసు బొమ్మ కూడా గీశాడు. చెవి కోసుకున్నది 1888 డిసెంబర్ 23న ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో, తోటి చిత్రకారుడు గోగాన్‌తో గొడవ అయ్యాక. అక్కడి డాక్టర్లు మూర్ఛ జబ్బు అనుకున్నారు. అసలు జబ్బేమిటని ఇప్పటికీ కొట్లాడుకుంటున్నారు. సరిగ్గా తినడు, నిద్రపోడు, అన్ని రకాలూ తాగుతాడు. అందులోంచి ఒక్క అబ్సింత్‌ను బయటికి లాగడం లాంఫ్రే కేసు లాంటిదే.

బొమ్మలంటే గుర్తొచ్చింది, కొంచెం పక్కదారి. 1901 ఆగస్టు 11న పొంతార్లియేలో పెర్నో ఫ్యాక్టరీ మీద పిడుగు పడి అంటుకుంది. పేలిపోతుందన్న భయంతో పనివాడొకడు పెద్ద తొట్టిలోని అబ్సింత్‌ను దూ నదిలోకి వదిలేశాడు. రెండు రోజులకు, కొండ అవతల ఎక్కడో ఉన్న లూ నది ఊట దగ్గర సోంపు వాసన! లూ నదికి నీళ్లు దూ నది నుంచే భూమి కింద పారి వస్తున్నాయని అలా బయటపడింది. తర్వాత 1910లో రంగు కలిపి పరీక్షించి రూఢి చేశారు. అబ్సింత్ సైన్సుకు చేసిన మేలు ఏదైనా ఉందంటే ఇదే.

ఉల్లి_పెసరట్టు:
నది తాగినవాళ్లకు భ్రమలు రాలేదా? ఇంతకీ సోంపు లేని చెక్ సరుకును 'అబ్సింత్' అని అమ్మనివ్వడం ఏమిటి సుబ్బారావు గారూ, చట్టం ఒప్పుకుంటుందా?

సెక్షన్ల_సుబ్బారావు:
యూరోపియన్ యూనియన్‌లో తుజోన్‌కు గరిష్ఠ పరిమితి ఉంది గానీ అబ్సింత్ అంటే ఏమిటన్న నిర్వచనం లేదు. 2013లో ఒక నిర్వచనం పెట్టబోయారు. కనీసం ఇంత తుజోన్ ఉండాలని అందులో షరతు! యూరోపియన్ పార్లమెంటు తోసిపుచ్చింది. స్విస్ నిబంధనల్లో మాత్రం ఉంది, నీళ్లు పోస్తే తెల్లబడాల్సిందే.

స్విస్ వ్యవసాయ శాఖ ఇంకో అడుగు వేసి, 2012లో 'అబ్సింత్' అన్న పేరే వాల్ ద త్రావెర్ లోయ సొంతం అని రిజిస్టర్ చేసింది. ఫ్రాన్స్ వాళ్లూ మిగతావాళ్లూ కోర్టుకెళ్లారు. 2014లో ఫెడరల్ అడ్మినిస్ట్రేటివ్ కోర్టు అది అందరూ వాడే సాధారణ పేరని కొట్టేసింది. రాజు గారూ, ఆ తీర్పు మీద అక్కడివాళ్లకు ఇంకా కోపం ఉందా?

లోసాన్‌లో_రాజు:
లేకపోవడమా! నిషేధం ఉన్నన్నాళ్లూ జరిమానాలు కట్టి కాచింది మేము, పేరు మాత్రం అందరిదా అంటారు. ఊరి పేరు జోడించి కాపాడుకునే దారి ఉందిగా అని నేను ఒకసారి అన్నాను. ఆ పెద్దాయన గ్లాసులో నీళ్లు పోయడం ఆపి నావైపు ఒక చూపు చూశాడు, నేను ఫుట్‌బాల్ సంగతి ఎత్తాను.